బలహీనమైన కాలికి పని నేర్పిన మాస్టారు

ఆదివారం ఉదయం ఆరాధనకు బషీర్‌బాగ్ మీదుగా వెళ్లే మన సంఘాల వారికి లాల్ బహదూర్ స్టేడియం గోడ కొత్త కాదు. పెద్దలు దాన్ని ఇంకా ఫతే మైదాన్ అనే పిలుస్తారు. ఆ గోడ చూస్తే మన పిల్లలకు క్రికెట్ ఆటగాళ్లే గుర్తొస్తారు. ఫుట్‌బాల్‌లో ఇండియాకు రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన కోచ్ ఈ ఊరి బడిపంతులే అంటే నమ్మలేనట్టు చూస్తారు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాకే చాలామందికి ఆ పేరు తెలిసింది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతా రహీం సాబ్ అనేది. ఈ వారం ఆయన జీవితాన్ని మన పాఠకుల ముందు ఉంచాలనుకున్నాము.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ బడిలో, మరికొన్ని బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటల బాధ్యత కూడా భుజాన వేసుకున్నారు. 1943 నుండి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. మైదానంలో కూడా ఆయన పంతులే.

ఆయన పెట్టిన పోటీలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఆటగాడికి అలవాటైన కాలితో కాకుండా బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని ఒక పోటీ పెట్టారు. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒక్కడే పరుగెత్తకూడదు, వెంటనే తోటివాడికి అందించాలని మరో పోటీ. బలమైన కాలికి ఎలాగూ చప్పట్లు కొడతారు. రెండో కాలిని పట్టించుకునే మనిషి కావాలి. ఒంటరిగా మెరవాలనుకునే కుర్రాడికి పక్కవాణ్ణి చూడడం నేర్పే మనిషీ కావాలి. రహీం సాబ్ ఆ పని చేశారు.

ఆ బోధన ఫలితం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో కనిపించింది. 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఆ జట్టు కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి ఆటగాళ్ల పేర్లు ఇప్పుడు ఈ ఊళ్లోనే వినిపించవు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడికి సాధనకు వచ్చే దారి ఖర్చులు కూడా లేకపోతే, రహీం సాబ్ అద్దె సైకిలుకు డబ్బులిచ్చి పిలిపించుకున్నారు. ఆ బలరాం రెండు ఒలింపిక్స్ ఆడాడు.

దేశపు జట్టుకు కోచ్‌గా ఆయనకు మొదట విజయం, వెంటనే అవమానం ఎదురయ్యాయి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడారు. అప్పటికి మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడేవారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే ఇండియా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా నుండి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు వెళ్లిన మొదటి దేశం మనదే.

ఇక 1962 జకార్తా సంగతి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. మన దేశ క్రీడాధికారి జి.డి. సోంధీ దాన్ని ప్రశ్నించారు. దానితో అక్కడి జనం ఇండియా మీద మండిపడ్డారు. ఆట మొదట్లోనే కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌తో మ్యాచ్‌లో రక్షణ వరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఈయనా హైదరాబాద్‌లో పుట్టినవాడే, ఫ్లూతో మంచం పట్టాడు. కోచ్ ఆరోగ్యమే అప్పటికి బాగోలేదు.

రహీం సాబ్ ఆ గాయపడిన జర్నైల్‌ను ఇంటికి పంపలేదు, తన పాత చోటులోనూ నిలబెట్టలేదు. సెమీఫైనల్‌కు ముందుకు తెచ్చి గోల్ కొట్టే స్థానంలో పెట్టారు. జర్నైల్ గోల్ చేశాడు. సెప్టెంబరు 4న ఫైనల్‌కు జ్వరం నుండి లేచిన తంగరాజ్‌ను గోల్ ముందు నిలబెట్టారు. మైదానం నిండా లక్షమందికి పైగా జనం, వారి గోల మనవాళ్లకు వ్యతిరేకంగానే. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతో జర్నైల్ మరో గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనదయ్యింది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1970 కాంస్యమే ఆ తర్వాత మనకు దక్కిన పతకం. స్వర్ణం ఇంతవరకు మళ్లీ రాలేదు. ఆయన కట్టిన పనిని అందుకునే చేతులను ఈ ఊరు సిద్ధం చేసుకోలేదు.

మేము ఇది రాస్తూ మన సంఘాలనే తలచుకున్నాము. పాట బాగా పాడే పిల్లకు మైకు ఇస్తాము. తడబడుతూ చదివే పిల్లవాణ్ణి వెనక బెంచీలో వదిలేస్తాము. ఒక్క మంచి సండేస్కూలు టీచరమ్మ ఉంటే ముప్పై ఏళ్లు ఆమె మీదే భారమంతా వేసి, ఆమె వెళ్లిపోయాక తరగతి మూతపడిందని బాధపడతాము. బలహీనతలోనే శక్తి పూర్తవుతుందని పౌలు పత్రికలో చదివే మనం, పొరుగువాడైన ఒక ముస్లిం మాస్టారు దాన్ని మట్టి మైదానంలో పిల్లల కాళ్లకు ఎలా నేర్పాడో చూడాలి.

ఈ ఆదివారం స్టేడియం పక్కనుండి వెళ్లేటప్పుడు మీ పిల్లలకు రహీం సాబ్ పేరు చెప్పండి. గుడికి చేరాక వెనక బెంచీలో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడండి. మీ తర్వాత మీ పని ఎవరు చేస్తారో కూడా ఈ వారమే ఆలోచించండి.