గిల్బర్ట్ హెచ్చరిక

భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1843లో అమెరికాలోని రాచెస్టర్ నగరంలో జన్మించాడు. యూటా ప్రాంతంలో వాసాచ్ పర్వతపాదం వెంబడి మెట్లవలె తెగిన గట్లను ఆయన పరిశీలించాడు. అవి వాననీటి కోతలు కావనీ, పూర్వ భూకంపాలలో భ్రంశం వెంట నేల జారిన గుర్తులనీ గ్రహించాడు. అక్కడి కదలిక ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే. పెద్ద భూకంపాల నడుమ శతాబ్దాలు గడుస్తాయి కనుక జనులకు ఆ భయమే తెలియదు. సాల్ట్ లేక్ నగరం చెంత కొంతమేర కొత్త గట్టు కనబడకపోవడమే గిల్బర్ట్‌ను కలవరపెట్టింది. అచ్చటి ఒత్తిడి ఇంకా విడుదల కాలేదని తలచి, 1883లో స్థానిక పత్రిక ద్వారా పౌరులను హెచ్చరించాడు. విపత్తు ఎప్పుడు వస్తుందో చెప్పలేననీ, ప్రజలు ఇటుక ఇళ్లను మానరనీ ఎరిగే రాశాడు. ఆ నిజాయితీ అరుదైనది. 1918లో ఆయన మరణించాడు. 2020లో 5.7 తీవ్రతగల భూకంపానికి ఆ ప్రాంతపు పాత ఇటుక కట్టడాలు దెబ్బతిన్నాయి. ఆయన శంకించిన మహాకంపం మాత్రం ఇంకా రాలేదు.