నాడుల భాష నెఱిగిన ఏడ్రియన్

నిప్పు సోకినంతనే చేయి వెనుకకు వచ్చును. కన్నులు మూసికొని యున్నను అరచేతిలో నుంచినది దూదియో, ఇనుపగుండో చెప్పగలము. చర్మము, కన్ను, చెవి, ముక్కు, నాలుక అను జ్ఞానేంద్రియములు వెలుపలి లోకపు వార్తలను ఎడతెగక మెదడునకు పంపుచుండును. ఆ వార్తలు నాడుల వెంట విద్యుత్సంకేతములుగా పోవునని పండితులు పందొమ్మిదవ శతాబ్దమునందే తెలిసికొనిరి. ఆ సంకేతములకే నాడీ ప్రచోదనములని పేరు. కాని తేలికకును బరువునకును గల భేదము ఆ సంకేతములలో ఎట్లు ఇమిడియున్నది? ఈ చిక్కును విడదీసిన మహనీయుడు ఎడ్గార్ డగ్లస్ ఏడ్రియన్.

ఆయన 1889వ సంవత్సరము నవంబరు 30వ తేదీన లండను నగరమున జన్మించెను. వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చదివి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి ట్రినిటీ కళాశాలలో చేరెను. అచట కీత్ లూకాస్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆయనకు గురువయ్యెను. సున్నితమైన పరికరములను స్వయముగా నిర్మించుటలో లూకాస్ అందె వేసిన చేయి.

లూకాస్ అంతకు మునుపే కండరముల విషయమున ఒక సత్యమును కనుగొనియుండెను. కండరపు తంతువునకు తగిలిన ప్రేరణ చాలినంత బలముగా నున్నచో అది సంపూర్ణముగా ముడుచుకొనును. చాలనిచో అసలే కదలదు. నడిమి స్థితి లేదు. ఏడ్రియన్ నాడులను పరీక్షించి, అవియు ఈ నియమమునకే లోబడియున్నవని చూపెను. టపాకాయకు అగరువత్తి ముట్టించినను, కాగడా ముట్టించినను ప్రేలుడు ఒక్కటే కదా! నాడీ ప్రచోదనమును అట్టిదే. ఈ పరిశోధనకు మెచ్చి 1913లో ట్రినిటీ కళాశాలవారు ఆయనను తమ విద్వత్సభ్యునిగా ఎన్నుకొనిరి.

ఈ విజయమే క్రొత్త చిక్కును తెచ్చిపెట్టెను. ప్రచోదనములన్నియు సమానములైనచో, మెల్లని స్పర్శకును గట్టి దెబ్బకును గల భేదము మెదడునకు ఎట్లు తెలియును? ఈ సంగతి తేలకమునుపే 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడెను. లూకాస్ ఫార్న్‌బరోలోని విమాన కర్మాగారమున చేరి, విమానములకు తగిన దిక్సూచిని రూపొందించుటలో నిమగ్నుడయ్యెను. 1916 అక్టోబరు 5వ తేదీన ఆయన విమానము మఱియొక విమానముతో ఆకసమున ఢీకొనగా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 37 ఏండ్లు మాత్రమే.

ఏడ్రియన్ వైద్యవిద్య ముగించి, నాడులు దెబ్బతినిన సైనికులకు చికిత్స చేయుచుండెను. గురువు వ్రాసి యుంచిన రచనను సరిచూచి 1917లో గ్రంథముగా వెలువరించెను. 1919లో కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, గురువుగారి ప్రయోగశాలను స్వీకరించి, నిలిచిపోయిన ప్రశ్నను మరల చేపట్టెను.

మార్గము సులభము కాదు. ఒక్కొక్క నాడిలో పెక్కు తంతువులు కట్టగా నుండును. వాని సంకేతములన్నియు కలగాపులగమై వినవచ్చును. ఒక్క తంతువులోని విద్యుత్తు పాత పరికరములకు అందనంత స్వల్పము. ఆ దినములలో రేడియోలయందు వాడుచున్న వాల్వులు బలహీనమైన విద్యుత్సంకేతములను పెద్దవి చేయగలిగియుండెను. అమెరికా శాస్త్రజ్ఞుడైన హెర్బర్ట్ గాసర్ పద్ధతి ననుసరించి, ఏడ్రియన్ అట్టి యంత్రమును సమకూర్చుకొనెను.

1925లో ఆయన కప్ప కండరపు నాడిని ఆ యంత్రమునకు కలిపి చూచెను. ఏ ప్రేరణయు ఇయ్యకున్నను సంకేతముల అలలు కనబడసాగెను. యంత్రములోనే లోపమున్నదని ఆయన మొదట అనుమానించెను. ఆ అలలు ఒకప్పుడు వచ్చుచు, ఒకప్పుడు మాయమగుచుండెను. ఓపికతో పరికింపగా కారణము బయల్పడెను. కండరము వ్రేలాడుచున్నప్పుడు అలలు వచ్చుచుండెను. గాజు పలకపై ఆనియున్నప్పుడు ఆగుచుండెను. వ్రేలాడు కండరము తన బరువునకే తాను సాగును. ఆ సాగుదలను కండరములోని సూక్ష్మ గ్రాహకములు కనిపెట్టి నాడికి తెలుపుచున్నవి! లోపమని తలచినదే ఆయన వెదకుచున్న నిధి.

ఆ యేడే స్వీడను దేశమునుండి ఇంగ్వె జోటర్‌మన్ అను యువ శాస్త్రజ్ఞుడు వచ్చి ఆయనతో కలసెను. వారిరువురు కప్ప ఱొమ్మునందలి ఒక చిన్న కండరమును కొంచెము కొంచెముగా కోయుచు, తుదకు ఒక్క గ్రాహకము మాత్రమే మిగులునట్లు చేసిరి. పిదప కండరమును బరువులతో సాగదీసి పరీక్షించిరి. బరువు పెరిగినను ప్రచోదనపు పరిమాణము మారలేదు. క్షణమునకు వచ్చు ప్రచోదనముల సంఖ్య మాత్రము పెరిగెను. దండోరా వేయువాడు డప్పుపై ప్రతి దెబ్బను ఒకే బలముతో కొట్టుచు, సామాన్య వార్తకు మెల్లగాను, ప్రమాద వార్తకు వడివడిగాను వాయించినట్లున్నది ఈ పద్ధతి. లూకాస్ మరణించిన తొమ్మిదేండ్లకు ప్రశ్నకు సమాధానము లభించెను.

సాగుదల మారక నిలిచియున్నచో ప్రచోదనముల వడి క్రమముగా తగ్గుననియు వారు గమనించిరి. చర్మమునందలి స్పర్శ గ్రాహకములు మఱింత త్వరగా మౌనము వహించును. ఉదయమున తొడిగిన చొక్కా ఒడలిపై నున్నట్లు కొంతసేపటికి తోచకపోవుటకు ఇది యొక కారణము. మఱి వెలుగు, ధ్వని, స్పర్శ అను భేదము ఎట్లు తెలియును? ప్రచోదనములు ఏ నాడి వెంట వచ్చి, మెదడులో ఏ భాగమును చేరునో దానిని బట్టి వాని అర్థము మారును. కంటికి దెబ్బ తగిలినప్పుడు చీకటిలోను మెఱుపులు కనబడుట ఇందుచేతనే.

ఏడ్రియన్ ఈ సంకేతములను ధ్వనిగా మార్చి వినుచుండెను. ఒకమారు గోదురుకప్ప కంటినాడిని యంత్రమునకు కలిపి, చీకటిగదిలో తిరుగుచుండగా, మాటిమాటికి చిటపటధ్వనులు వినబడెను. కారణ మేమని తన కదలికలతో వానిని పోల్చి చూచెను. తా నటునిటు నడచుట ఆ కప్ప కంటబడుచున్నదనియు, దాని నాడి ఆ సంగతినే తెలుపుచున్నదనియు గ్రహించి ఆశ్చర్యపడెను.

1932లో ఆయనకును, నాడీమండల పరిశోధనలో పెద్దయైన చార్లెస్ షెరింగ్టన్‌కును కలిపి నోబెల్ బహుమతి లభించెను. అంతటి కీర్తి వచ్చినను ఆయన పరుల ఘనతను మఱువలేదు. జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ తలపైనుండియే మెదడు విద్యుత్తరంగములను గుర్తింపవచ్చునని 1929లో ప్రకటింపగా పలువురు నమ్మరైరి. ఏడ్రియన్, బ్రయన్ మాథ్యూస్ అను సహచరునితో కలసి 1934లో ఆ ప్రయోగమును చేసి, అది నిజమని లోకమునకు చాటెను. ఆ తరంగములకు బెర్గర్ పేరునే వాడెను.

ఆయన 1950 మొదలు 1955 వఱకు రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగాను, 1951 మొదలు 1965 వఱకు ట్రినిటీ కళాశాలకు అధిపతిగాను పనిచేసెను. 1955లో ప్రభు బిరుదమును పొందెను. 1977 ఆగస్టు 4వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

ప్రచోదనముల సంఖ్యయే కాక, వాని నడుమ కాలవ్యవధియు వార్తను మోయునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నేడు పూర్తిగా వినికిడి లేని పెక్కుమంది పిల్లలకు లోపలి చెవిలో అమర్చు పరికరము, ధ్వనిని విద్యుత్ స్పందనములుగా మార్చి శ్రవణనాడికి అందించుచున్నది. ఆ బిడ్డలు తల్లి పిలుపు వినగలుగుట వెనుక, నాడుల భాషను తెలిసికొనుటకై ఏడ్రియన్ చేసిన కృషియు కలదు.