కల్నల్ సి.కె. నాయుడు గారు - విరమణ ఎరుగని ఆటగాడు



ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు, స్వాతంత్ర్య సమరయోధుల గురించీ కవుల గురించీ వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను ఒక క్రికెట్ ఆటగాణ్ణి ఎంచుకున్నాను. ఆటగాడికీ మన సంచికకూ ఏమి సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదివితే ఆ సంబంధం మీకే తెలుస్తుంది. ముప్పై ఎనిమిది సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి బయటికి వచ్చినవాడిగా, ఈయన జీవితం మనవంటి వారికి చాలా దగ్గరగా ఉన్నదని నాకు అనిపిస్తుంది.

ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకమంతా సి.కె. అని పిలిచింది. భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టుకు కెప్టెన్. 1895 అక్టోబరు 31న నాగపూరులో పుట్టారు. పూర్వీకులది మన మచిలీపట్నం. మన పొన్నూరు నుండి కృష్ణ దాటి వెళితే బందరు ఎంత దూరమని! తాతగారి కాలానికే ఆ కుటుంబం నాగపూరులో న్యాయవాద వృత్తిలో, భూవసతిలో స్థిరపడింది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు గారు ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదివిన న్యాయవాది. అక్కడ రంజిత్ సింహ్ జీతో పరిచయం ఉండేదట. ఇంట్లో చదువు, సంపద, ఆట మూడూ ఉన్నాయి. కాని సంపద ఉన్న ఇళ్ళలో పుట్టినవారందరూ సి.కె. నాయుళ్ళు కాలేదు కదా.

1916లో బొంబాయిలో యూరోపియన్ల జట్టుకూ హిందువుల జట్టుకూ జరిగిన పోటీలో ఆయన మొదటిసారి పెద్ద ఆట ఆడారు. ఆ రోజుల్లో జట్లు మతాలవారీగా ఉండేవి. హిందువుల జట్టు 79 పరుగులకు 7 వికెట్లు పోగొట్టుకుని ఉండగా ఈ ఇరవై ఏళ్ళ కుర్రవాడు దిగాడు. మొదటి మూడు బంతులు నెమ్మదిగా అడ్డుకుని, నాలుగో బంతిని సిక్సరు కొట్టాడు. ముందు పరిస్థితిని చూచుకోవడం, తరువాత వెనుకాడకపోవడం - ఆయన జీవితమంతా ఇదే పద్ధతి.

1923లో ఇందూరు హోల్కార్ మహారాజా ఆయన్ని తమ సంస్థానానికి పిలిపించుకుని సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తరువాత కల్నల్ అయ్యారు. ఈనాటి యువకులకు ఇది వింతగా ఉండవచ్చు. అప్పట్లో క్రికెట్ ఆడితే జీతం లేదు. ఏ సంస్థానాధీశుడో ఏదో ఒక ఉద్యోగం ఇచ్చి పోషిస్తేనే ఆట. అందుచేత ఆయన కూడా మనలాగే ఒక కొలువులో ఉన్న మనిషి. పైవారి దయ, పైవారి ఆగ్రహం, హోదా, క్రమశిక్షణ, ఇవన్నీ ఆయనకూ తప్పలేదు.

1926 డిసెంబరు 1వ తేదీ భారత క్రికెట్ చరిత్రలో ఒక మలుపు. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు ఇంగ్లండు నుండి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు గారు 116 నిముషాలలో 153 పరుగులు చేశారు. అందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు. చెట్ల మీదా, ఇళ్ళ పైకప్పుల మీదా జనం ఎక్కి చూశారని పెద్దలు చెప్పుకునేవారు. ఇంగ్లండు వారే మెచ్చి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. ఈ దేశం వారు మాతో సమానంగా ఆడగలరన్న నమ్మకం తెల్లవారికి ఆ రోజున కలిగింది. తరువాత ఆరేళ్ళలోపే భారతదేశానికి టెస్టు ఆడే అర్హత లభించింది.

1932లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళింది. కెప్టెనుగా పోరుబందరు మహారాజా, ఉపనాయకుడిగా లింబ్డీ రాజకుమారుడు. ఆట వచ్చిన నాయుడు గారు వారి క్రింద. మన కార్యాలయాలలో పని తెలిసినవాడు ఒకరు, కుర్చీలో కూర్చున్నవారు మరొకరు అయినట్టే. కాని పోరుబందరు మహారాజా గారిని ఇక్కడ మెచ్చుకోవాలి. తమ ఆట ఎంతవరకో ఎరిగినవారు గనుక టెస్టుకు తామే తప్పుకున్నారు. లింబ్డీ గారికి నడుము దెబ్బ. ఆ విధంగా కెప్టెన్సీ నాయుడు గారికి వచ్చింది. ఆ రాత్రి జట్టులో కొందరు ఆయన క్రింద ఆడమని మొరాయించారు. రాజులైతే ఫరవాలేదు గాని, తమవంటి మనిషి నాయకుడైతే ఒప్పుకోలేకపోయారు. పైనుండి గట్టిగా చెప్పించిన తరువాతే వారు దారికి వచ్చారు.

1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశం మొట్టమొదటి టెస్టు ఆడింది. ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. నిస్సార్, అమర్ సింగ్ అంత చక్కగా బంతులు వేశారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా నాయుడు గారు 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అదే ఎక్కువ. చివరికి మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాము. కాని ఆ పర్యటన మొత్తం మీద ఆయన 1,618 పరుగులు, 5 శతకాలు చేసి, 65 వికెట్లు తీశారు. 32 సిక్సర్లు కొట్టారు. బర్మింగ్ హామ్ లో కొట్టిన ఒక సిక్సరు మైదానం ప్రక్కనున్న రీ నదిని దాటిందని, ఆ నది రెండు కౌంటీలకు సరిహద్దు గనుక బంతి ఒక కౌంటీ నుండి మరొక కౌంటీలో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మరుసటి సంవత్సరం విజ్డెన్ అనే ఇంగ్లండు క్రికెట్ వార్షిక గ్రంథం ఆయన్ని ఆ ఏటి అయిదుగురు ఉత్తమ ఆటగాళ్ళలో ఒకరిగా ఎంపిక చేసింది.

1933-34లో జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చి మూడు టెస్టులు ఆడింది. మూడింటికీ మన నాయకుడు నాయుడు గారే. బొంబాయిలో లాలా అమర్ నాథ్ మన దేశం తరఫున మొదటి శతకం (118) చేసినప్పుడు, రెండోవైపు నిలబడి 67 పరుగులు చేసి ఆ కుర్రవాణ్ణి నడిపించినది ఈయనే. బొంబాయి, మద్రాసు టెస్టులు ఓడిపోయాము, కలకత్తాలో డ్రా అయింది. లెక్కల ప్రకారం చెప్పాలంటే, ఆయన కెప్టెనుగా ఉన్న 4 టెస్టులలో 3 ఓటమి, 1 డ్రా. ఒక్క గెలుపు కూడా లేదు. ఇది దాచవలసిన విషయం కాదు.

ఇక 1936 సంగతి. ఇంగ్లండు పర్యటనకు కెప్టెనుగా విజయనగరం మహారాజకుమారుణ్ణి, అంటే విజ్జీ గారిని నియమించారు. ఆయనా మన తెలుగు రాజవంశీకుడే. క్రికెట్ కోసం ధారాళంగా ఖర్చుపెట్టిన మనిషి, తరువాత రేడియో వ్యాఖ్యాతగా పేరుపొందారు. కాని టెస్టు ఆట ఆయనకు లేదు. మూడు టెస్టులలో కలిపి చేసినవి 33 పరుగులు. నలభై ఏళ్ళ వయసులో, అన్ని అర్హతలూ ఉండి, నాయుడు గారు మామూలు ఆటగాడిగా ఆయన క్రింద ఆడవలసి వచ్చింది. జట్టులో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. అమర్ నాథ్ ను మధ్యలోనే ఇంటికి పంపేశారు.

సోదరులారా, మన సర్వీసులో ఇటువంటివి చూడనివారు మనలో ఎవరున్నారు? నేను పనిచేసిన ఒక ఆఫీసులో, ఏళ్ళ తరబడి సెక్షను నడిపిన ఒక పెద్దమనిషిని ప్రక్కకు తప్పించి, సిఫారసు మీద వచ్చిన ఒక జూనియరు క్రింద కూర్చోబెట్టారు. ఆయన ఆ రోజునుండి ఫైలు ముట్టలేదు. సంతకం పెట్టి, మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళేవారు. తప్పు ఆయనది అనలేను. మనసు విరిగితే చేయి కదలదు.

మరి నాయుడు గారు ఏమి చేశారు? 1936 ఆగస్టులో ఓవల్ మైదానంలో జరిగిన మూడో టెస్టు ఆయనకు ఆఖరిది. మొదటి ఇన్నింగ్సులో 5 పరుగులకే వెనుదిరిగారు. రెండో ఇన్నింగ్సులో గబ్బీ అలెన్ వేసిన వేగమైన బంతి శరీరానికి బలంగా తగిలింది. అయినా మైదానం విడిచి వెళ్ళలేదు. 81 పరుగులు చేసి, ఇన్నింగ్సు ఓటమి నుండి జట్టును తప్పించారు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధికం. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు, 9 వికెట్లు. కుర్చీ పోయినా పని మానకపోవడం ఇలా ఉంటుంది. అవమానం జరగలేదని కాదు. అవమానం చేసినది కొందరు, ఆ రోజు ఆడవలసినది దేశం కోసం. ఈ రెండింటినీ ఆయన కలిపి చూడలేదు.

ఇక్కడితో ఆయన కథ ముగిసి ఉంటే నేను ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాదు. అసలు కథ తరువాత ఉంది. అంతర్జాతీయ ఆట ముగిసిన తరువాత ఆయన ఇందూరులో కూర్చుని హోల్కార్ జట్టును తయారుచేశారు. ఆ కాలంలో కోచ్ అనే ఉద్యోగం ఈనాటిలాగా జీతభత్యాలతో ఉండేది కాదు. కెప్టెనే గురువు, కెప్టెనే మేష్టారు. ముష్తాక్ అలీని కుర్రతనంలోనే గుర్తించి చేరదీసింది నాయుడు గారే. సర్వటే, నింబాల్కర్, హీరాలాల్ గైక్వాడ్ వంటివారు ఆ జట్టులో రాటుదేలారు. సొంత తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా టెస్టు ఆటగాడే. 1944-45 రంజీ ఫైనల్లో ఆ తమ్ముడు ఒక్క మ్యాచిలోనే 917 బంతులు వేశాడంటే అక్కడి ఓర్పు ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

సైన్యపు పద్ధతి. వేళకు రావాలి. దెబ్బ తగిలిందని మైదానం వదలకూడదు. ఈ కాఠిన్యం గిట్టనివారు చాలామంది ఉండేవారు. గర్విష్ఠి అన్నవారూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు కూడా. కాని ఇతరులకు పెట్టిన నియమం ముందు తనకే పెట్టుకున్నారు. యాభై ఆరేళ్ళ వయసులో ఒక రంజీ ఫైనల్లో ఫడ్కర్ వేసిన బంతి నోటికి తగిలి పళ్ళు ఊడితే, వాటిని పిచ్ మీద నుండి ప్రక్కకు నెట్టి ఆట సాగించారు.

ఫలితం చూడండి. 1944-45 నుండి 1952-53 వరకు తొమ్మిది సీజన్లలో హోల్కార్ జట్టు ఎనిమిదిసార్లు రంజీ ఫైనలుకు చేరి, నాలుగుసార్లు కప్పు గెలిచింది. 1945-46 ఫైనల్లో బరోడా మీద ఆయనే 200 పరుగులు చేశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు నిండాయి! టెస్టు కెప్టెనుగా రాని గెలుపు, పిల్లలను తయారుచేసే పెద్దగా వచ్చింది.

మన ప్రాంతానికి సంబంధించిన ఘట్టం ఒకటి తప్పక చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953-54 సీజనులోనే ఆంధ్ర జట్టు మొదటిసారిగా రంజీ పోటీలలో అడుగుపెట్టింది. ఆ కొత్త జట్టుకు నాయకత్వం వహించినది, యాభై ఎనిమిదేళ్ళ సి.కె. నాయుడు గారు. పూర్వీకుల నేల పిలిస్తే ఆ వయసులో బ్యాటు పట్టుకుని వచ్చారు. కర్నూలులో రాజధాని గుడారాలలో మొదలైన రోజులవి. రాష్ట్రానికే సరైన కట్టడాలు లేవు, ఇక క్రికెట్టుకు ఏముంటాయి? అటువంటి సమయంలో దేశం మొత్తం ఎరిగిన మనిషి ముందు నడవడం మన కుర్రవాళ్ళకు ఎంత ధైర్యమో ఆలోచించండి. నేనప్పటికి ఇంకా బడికి పోని పసివాణ్ణి. మా పెద్దలు మాత్రం ఈ సంగతి గర్వంగా చెప్పుకునేవారు.

1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడుతూ, 61 ఏళ్ళ వయసులో రాజస్థాన్ మీద 84 పరుగులు చేశారు. వినూ మన్కడ్ అంతటివాని బంతులను సిక్సర్లు కొట్టారు. మనకు పదవీ విరమణ పత్రం చేతికిచ్చే వయసు దాటిన తరువాత అన్నమాట! 68వ ఏట ఒక సహాయార్థ పోటీలో ఆడి బ్యాటు దించారు. 1916 నుండి లెక్కిస్తే అది నలభై ఏడేళ్ళ సర్వీసు. నడుమ సెలక్షన్ కమిటీ అధ్యక్షులుగా, క్రికెట్ బోర్డు ఉపాధ్యక్షులుగా కూడా పనిచేశారు.

1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. వయసు 72. ఆయన తరువాత కుమార్తె చంద్రా నాయుడు గారు 1970లలో మన దేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. కుర్రవాళ్ళ జాతీయ పోటీకి సి.కె. నాయుడు ట్రోఫీ అని పేరు. 1994 నుండి క్రికెట్ బోర్డు జీవిత సాఫల్య పురస్కారాన్ని ఆయన పేరుమీదే ఇస్తున్నది. మొదటిది అందుకున్నది లాలా అమర్ నాథ్. 1933లో రెండోవైపు నిలబడి నడిపించిన పెద్దాయన పేరుమీద పురస్కారం ఆ కుర్రవాడికే, ముదిమి వయసులో అందడం నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం. ఆయన కాలపు ఆటగాళ్ళకు పెన్షను ఊసే లేదు. మాజీ ఆటగాళ్ళకు బోర్డు పెన్షను పెట్టినది చాలా కాలం తరువాత.

మన సంఘ సభ్యులకు నేను చేసే మనవి ఒక్కటే. మనలో లెక్కలు బాగా వచ్చినవారు ఉన్నారు. సర్వీసు రూల్సు కంఠోపాఠంగా ఉన్నవారు ఉన్నారు. కుర్రతనంలో వాలీబాల్, కబడ్డీ ఆడి కప్పులు తెచ్చినవారూ ఉన్నారు. సాయంత్రం పూట గుడి మండపంలో కూర్చుని డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవడం అవసరమే, కాదనను. దానితోపాటు వారానికి రెండు రోజులు వీధిలోని పిల్లలను చేరదీసి, మనకు వచ్చినది నేర్పితే మన పొద్దు గడుస్తుంది, వారికి దారి దొరుకుతుంది. మనవలకు ఈనాటి ఆటగాళ్ళ పేర్లు అన్నీ తెలుసు. వారికి ఈ బందరు మూలాలున్న పెద్దాయన పేరు కూడా చెప్పండి.



- ఒక విశ్రాంత గుమాస్తా, పొన్నూరు