ఆయిలర్ నిగ్గుతేల్చిన సంఖ్య

లియోనార్డ్ ఆయిలర్ 1707వ సంవత్సరం ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జన్మించాడు. తండ్రి పాల్ ఆయిలర్ క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడు కూడా తన మార్గంలోనే నడవాలని ఆయన ఆకాంక్ష. కాని ప్రసిద్ధ గణితజ్ఞుడు యోహాన్ బెర్నూలీ ఆ బాలుని ప్రతిభను గుర్తించి తండ్రిని ఒప్పించాడు. 1727లో ఆయిలర్ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తులో చేరాడు.

ఒకటితోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 1 మాత్రం ఇందులో చేరదు. 4,29,49,67,297 అట్టిదేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా భావించాడు. అంతటి మేధావి మాటను కూడా ఆయిలర్ పరీక్షింపక అంగీకరించలేదు. 641 ఆ సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో నిరూపించాడు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్లు మాత్రమే.

ఇటువంటిదే మరొక సంఖ్య ఆయన పరీక్షకు నిలిచింది. 31 రెళ్లను వరుసగా గుణించి, లబ్ధం నుండి ఒకటి తీసివేస్తే 2,14,74,83,647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు 1644లో ప్రకటించాడు. నిరూపణ మాత్రం చూపలేదు.

ఇంతలో విధి ఆయిలర్‌ను పరీక్షించింది. 1738 నాటికి కుడికంటి చూపు క్షీణించింది. 1741 నుండి పాతికేళ్లు బెర్లిన్‌లో పనిచేసి, 1766లో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చాడు. 1771లో ఎడమకంటి శుక్లానికి జరిగిన శస్త్రచికిత్స వికటించి చూపు పూర్తిగా పోయింది. ఆ ఏడే అగ్నిప్రమాదంలో ఇల్లు దగ్ధమైంది. అయినా ఆయన కుంగిపోలేదు. కుమారులు, శిష్యులు రాస్తుండగా నోటితోనే గ్రంథాలు చెప్పసాగాడు.

1772లో బెర్నూలీ వంశీయుడైన ఒక గణితజ్ఞునికి పంపిన లేఖలో ఆయిలర్ ఆ సంఖ్య ప్రధాన సంఖ్యయే అని తేల్చి చెప్పాడు. దాని వర్గమూలం 46,341 కంటె కొంచెం తక్కువ. అంతలోపు ప్రధాన సంఖ్య ఏదీ భాగించకపోతే చాలు. అయితే అవి వేల కొలదిగా ఉన్నాయి. భాజకమే ఉంటే, దానిని 248తో భాగించినప్పుడు శేషం 1 గాని, 63 గాని కావాలని ఆయన గ్రహించాడు. అట్టి సంఖ్యలు నాలుగు వందల లోపే. వాటిలోనూ ప్రధాన సంఖ్యలను పరీక్షిస్తే సరిపోతుంది. ఏదీ ఆ సంఖ్యను భాగించలేదు. అటుపై ఎనభై ఏళ్లకు పైగా తెలిసిన ప్రధాన సంఖ్యలలో అదే పెద్దదిగా నిలిచింది.

1783 సెప్టెంబరు 18న ఆయిలర్ మరణించాడు. ఒక పెద్ద మాటను త్రోసిపుచ్చినా, మరొక మాటను నిలబెట్టినా ఆయనకు ప్రమాణం నిరూపణే. కన్నులు చీకటైనా ఆ సత్యదృష్టి చివరివరకు మసకబారలేదు.