లెక్కకు దారి చూపిన అల్ ఖ్వారిజ్మీ

కంప్యూటరు చదువుతున్న మన పిల్లల నోట అల్గారిథమ్ అనే మాట రోజూ వింటున్నాము. అది ఒక మహనీయుని పేరు నుంచి పుట్టిన మాట. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. వారి జీవితాన్ని క్లుప్తంగా సభ్యుల ముందుంచుతున్నాము.

వారు సుమారు 780లో జన్మించారు. ఖలీఫా మామూన్ పాలించిన 813–833 కాలంలో బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. మన దేశపు అంకెలను, సున్నాను నేర్చుకొని, వాటితో లెక్క చేసే పద్ధతిని గ్రంథంగా రాశారు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్ళింది. అక్కడ వారి పేరు అల్గోరిత్మి అయింది. వారి మరో గ్రంథం పేరులోని అల్ జబ్ర్ అనే మాటే ఆల్జీబ్రా. సుమారు 850లో వారు కన్నుమూశారు.

ఆ రెండో గ్రంథంలో పెద్ద భాగం వారసత్వపు లెక్కలే. ఇవి మన ఇళ్ళకు కొత్తవి కావు గదా. పోయినవారి సొమ్ములో వసీయత్ కంటే ముందు అప్పులు తీర్చాలి, తర్వాత వసీయత్, ఆ మిగులులోనే వాటాలు. ఈ వరుస తప్పకూడదు. కానీ మిగులు తేలి, ఎవరి వంతు ఎంతో తెలిశాక, ఒక్కొక్క వారసుని సొమ్మును ఒక్కొక్కరు ఒకేసారి లెక్కకట్టవచ్చు.

ఒక పనిని అనేక కంప్యూటర్లకు పంచే నేటి సమాంతర అల్గారిథమ్‌ల విద్యకు మూలం ఈ ప్రశ్నే: ఏది దేనికోసం ఆగాలి? ఈ విద్య ఖ్వారిజ్మీ చెప్పింది కాదు, 20వ శతాబ్దంలో పెరిగింది. కానీ పనిని మెట్లుగా విడదీసి రాయడం వారు చూపిన దారే.

ఎనిమిది చందా పుస్తకాల మొత్తాలు కలపాలనుకోండి. ఒక్కరే చేస్తే ఏడు కూడికలు, ఒకదాని తర్వాత ఒకటి. నలుగురు కూర్చుంటే మొదట నాలుగు జతలు, తర్వాత రెండు, చివరికి ఒకటి, మూడు విడతల్లో అయిపోతుంది. ఎనిమిది మంది వచ్చినా మూడు విడతలు తప్పవు. గనిలో టబ్బులు నింపిన మన పెద్దలకు ఇది తెలుసు. ఎన్ని చోట్ల బొగ్గు నింపినా, అన్నీ ఒక్క హాలేజీ దారినే బయటికి రావాలి. ఆ దారి ఇరుకైతే మనుషుల్ని పెంచి లాభం లేదు.

1990 ప్రాంతంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు నేడు సగానికన్నా తక్కువ. మన పిల్లలకు గనితో పాటు వేరే దారీ కావాలి. పరీక్ష కోసం బట్టీ పట్టకుండా, ఏది ముందు, ఏది వెనక, ఏది పక్కపక్కన అని కాగితం మీద గీసి నేర్చుకోమని వారికి చెబుదాం. ఖ్వారిజ్మీ పరాయి దేశపు అంకెలు నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. మనకూ సిగ్గు అక్కరలేదు.