ఇంటి వెనక షెడ్డులో పుట్టిన కారు – కాలిన్ చాప్‌మన్ జీవితం



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు ముందుగా భయం వేసింది. దేశ నాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్లు బస్సుల వర్క్‌షాపులో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి నట్లు, బోల్టులు, బ్రేకులు. అందుకని నా దారిలోనే ఒక ఇంగ్లీషు ఇంజనీరు గురించి రాస్తున్నాను. పేరు కాలిన్ చాప్‌మన్. పోయి నలభై ఏళ్లు దాటింది. ఈయన పేరు నేను సర్వీసులో ఉండగా ఎన్నడూ వినలేదు. వినడానికి కారణం మా అల్లుడు.

మా అమ్మాయి కాపురం ఇంగ్లండులో, కొవెంట్రీ ఊళ్లో. 2019లో మేమిద్దరం అక్కడికి వెళ్లినప్పుడు, కారు పెట్టుకోవలసిన గ్యారేజీలో కారు లేదు. ఇనుప గొట్టాలు, ఒక వెల్డింగు మెషీను, పాత మాజ్డా కారు నుంచి విప్పిన ఇంజను ఉన్నాయి. కంప్యూటర్ల ఉద్యోగం చేసే అల్లుడు సాయంత్రాలు, ఆదివారాలు అక్కడే గడుపుతున్నాడు. పాతకాలపు లోటస్ సెవెన్ అనే స్పోర్ట్స్ కారుకు నమూనా కారును సొంతంగా కట్టుకుంటున్నాడట. మా అమ్మాయికి ఆ సంగతి మీద ఒక అభిప్రాయం ఉంది గాని దానిని ఇక్కడ రాయను. ఆ దేశంలో వందలాది మంది ఇలా ఇళ్లలో ఇదే కారు కట్టుకున్నారని తెలిసి ఆశ్చర్యపోయాను. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన రెండు వందల యాభై పౌన్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకమే రాశాడు. ఆ డబ్బుతో అవుతుందని మా అల్లుడు కూడా నమ్మలేదు, అయినా మొదలుపెట్టాడు.

ఇక అసలు మనిషి సంగతి.

చాప్‌మన్ 1928 మే 19న లండను దగ్గర రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి ఉత్తర లండనులో హార్న్‌సీ అనే చోట రైల్వే హోటల్ నడిపేవాడు. యుద్ధం ముగిసిన 1945లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగులో చేరాడు. మోటారు ఇంజనీరింగు కాదు, కట్టడాల ఇంజనీరింగు. వంతెన మీద బరువు ఏ కమ్మీ మీదుగా ఎక్కడికి పోతుంది, ఏ కమ్మీ లేకపోయినా వంతెన నిలుస్తుంది, ఇదీ ఆ చదువు. ఆయన కార్లన్నీ చూస్తే ఆ చదువే కనబడుతుంది. కాలేజీలో ఉండగానే వైమానిక దళం వారి శిక్షణలో విమానం నడపడం నేర్చాడు.

చదువుకుంటూనే ఒక స్నేహితుడితో కలిసి పాత కార్ల బేరం చేసేవాడు. 1947 చివరలో ప్రభుత్వం సొంత కార్లకు ఇచ్చే పెట్రోలు రేషను ఆపేసింది. పెట్రోలు లేని కారు ఎవరు కొంటారు? బేరం కూలిపోయింది. చేతిలో మిగిలింది పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి. అప్పటికి అది కూడా ఎవరూ కొనని బండి.

దాన్ని 1948లో విప్పి తిరగకట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడ? తాను పెళ్లి చేసుకోబోయే హేజల్ విలియమ్స్ పుట్టింటి వెనక ఉన్న చిన్న షెడ్డులో. కాబోయే మామగారి షెడ్డు అన్నమాట. (మా ఇంట్లో సంగతి తలకిందులు, అల్లుడి షెడ్డులో మామగారు.) పాత బాడీ తీసేసి, ప్లైవుడ్డుకు అల్యూమినియం రేకు అంటించిన పలకలతో కొత్త బాడీ కట్టాడు. వెల్డింగు లేదు, లేతు లేదు. హేజల్ పక్కన ఉండి పనిచేసింది. ఆ బండిని బురదలో, గుట్టల మీద ఎక్కించే పోటీల్లో నడిపారు, ఆవిడ కూడా నడిపింది. దానికి లోటస్ అని పేరు పెట్టారు. అంటే తామర పువ్వు. ఎందుకు ఆ పేరు అన్నది చాప్‌మన్ చివరిదాకా చెప్పలేదు.

పరీక్షల్లో లెక్కల పేపరు తప్పాడు. మళ్లీ రాసి 1949లో డిగ్రీ తీసుకున్నాడు. ఇది మన పిల్లలకు చెప్పదగిన సంగతే. తర్వాత బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం. 1952 జనవరి 1న హేజల్ ఇచ్చిన ఇరవై అయిదు పౌన్లు పెట్టుబడిగా, మైకేల్ అలెన్ అనే మిత్రునితో కలిసి లోటస్ ఇంజనీరింగు కంపెనీ పెట్టాడు. కార్ఖానా అంటే తండ్రి హోటలు వెనక ఉన్న పాత గుర్రపుసాల. కంపెనీ పెట్టాక కూడా మూడేళ్లు ఉద్యోగం వదలలేదు. పగలు కంపెనీ ఉద్యోగం, రాత్రి గుర్రపుసాలలో పని. హేజల్‌తో పెళ్లి 1954లో అయింది.

అక్కడ తయారైన మార్క్ సిక్స్ అనే కారు చాసిస్ గురించి కాస్త చెప్పాలి, మనవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. మన బస్సు చాసిస్ అంటే రెండు లావుపాటి ఇనుప దూలాలు, మధ్య అడ్డకమ్ములు. చాప్‌మన్ అది పెట్టలేదు. సన్నని ఇనుప గొట్టాలను త్రిభుజాలుగా అతికి పంజరంలాగా కట్టాడు. రైలు వంతెన చూడండి, అదే పద్ధతి. త్రిభుజంలో పెట్టిన గొట్టం వంగదు, ఒత్తిడికో లాగుడికో మాత్రమే లోనవుతుంది. అందుకని సన్నగా ఉన్నా చాలు. ఉట్టి పంజరం బరువు పాతిక కిలోల చిల్లర. ఇద్దరు పట్టుకుని ఎత్తి పక్కన పెట్టొచ్చు. కొవెంట్రీలో మేమిద్దరం అలాగే ఎత్తి పక్కన పెట్టాం, నాకు అప్పటికి అరవై తొమ్మిదేళ్లు.

ఆ కారును ఆయన పూర్తిగా కట్టి అమ్మలేదు. విడి సామానుగా అమ్మాడు. ఆ రోజుల్లో కొత్త కారు కొంటే పెద్ద పన్ను ఉండేది, విడి సామాను కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కూడా ఇలాగే అట్టపెట్టెల్లో ఇళ్లకు చేరింది. బిగించే పద్ధతి రాసి ఇస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసి ఇచ్చేవారనీ, కొన్నవాడు దాన్ని కింది నుంచి పైకి చదువుకోవాలనీ ఒక కథ చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి కొత్త పన్ను వచ్చాక విడి సామానులో లాభం లేకపోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులను కేటర్‌హామ్ అనే డీలరుకు అమ్మేశాడు. ఆ కంపెనీ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అదే కారు కడుతూ వచ్చింది.

రేసుల్లో ఆయన చేసినవి క్లుప్తంగా చెబుతాను. 1962లో గొట్టాల పంజరం కూడా తీసేసి, విమానంలాగా రేకు తొట్టినే చాసిస్‌గా వాడిన లోటస్ 25 తెచ్చాడు. దానితో జిమ్ క్లార్క్ 1963లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1965లో మళ్లీ చాంపియన్, అదే ఏడాది అమెరికాలో ఇండియానాపొలిస్ రేసు కూడా లోటస్‌దే. 1967లో ఇంజనునే చాసిస్‌లో ఒక భాగం చేశాడు. 1977లో కారు అడుగుభాగాన్ని తిరగేసిన విమానపు రెక్కలాగా మలిచి, గాలే కారును రోడ్డుకు అదిమిపెట్టేలా చేశాడు. విమానపు రెక్క పైకి లేపుతుంది కదా, ఇది కిందికి లాగుతుంది. మొత్తం ఏడుసార్లు కార్ల తయారీదారుల చాంపియన్‌షిప్ లోటస్‌కు వచ్చింది. గెలిచినప్పుడల్లా చాప్‌మన్ తన నల్ల టోపీని గాలిలోకి ఎగరేసేవాడు.

ఇక్కడ నాకు మనసు ఒప్పని సంగతి రాయాలి. బరువు తగ్గించడం ఆయనకు వ్రతంలాంటిది. ఏ భాగం చూసినా ఇది ఇంకా సన్నగా ఉండకూడదా అన్నదే ఆలోచన. 1960లో బెల్జియంలో స్పా రేసుకు ప్రాక్టీసు జరుగుతుండగా ఒకే రోజు రెండు లోటస్ కార్లు విరిగాయి. స్టిర్లింగ్ మాస్ కారుకు వెనక చక్రం ఊడిపోయింది, ఆయన కాళ్లు విరిగాయి. మైక్ టేలర్ కారుకు స్టీరింగ్ కాలమ్ విరిగింది, ఆయన మళ్లీ రేసు నడపలేదు. ఆయన కోర్టుకు వెళ్లి నష్టపరిహారం గెలుచుకున్నాడు. 1970లో ఇటలీలో మోంజా దగ్గర జాకెన్ రింట్ మరణించాడు. ముందు బ్రేకు షాఫ్టు విరగడమే కారణమని తేలింది. ఆ ఏడాది చాంపియన్‌షిప్ చనిపోయిన ఆ మనిషికే దక్కింది. జిమ్ క్లార్క్ 1968 ఏప్రిల్ 7న జర్మనీలో హాకెన్‌హైమ్‌లో లోటస్ నడుపుతూనే పోయాడు, టైరులో గాలి పోవడం వల్లనని ఎక్కువమంది అభిప్రాయం. క్లార్క్ ఆయనకు తమ్ముడిలాంటివాడు. ఆ తర్వాత చాప్‌మన్ చాలాకాలం కుంగిపోయాడు.

నేను ఇదంతా తెలుసుకుంటున్న రోజుల్లోనే అల్లుడు స్టీరింగ్ బ్రాకెట్టుకు వెల్డింగు వేశాడు. చూడడానికి నున్నగా, అందంగా ఉంది. నేను సుత్తితో తట్టి చూశాను, చప్పుడు నచ్చలేదు. నా సర్వీసులో ఒకసారి అలాంటి అతుకునే పైపైన చూసి సంతకం పెట్టాను. మూడు రోజుల తర్వాత ఆ బస్సు నలభై మందితో రోడ్డు దిగి చెరువు గట్టు మీద ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కాగితం మీద నా సంతకం మాత్రం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఈ సంగతి అంతవరకు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఆ రోజు అల్లుడికి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా బ్రాకెట్టును కోసి తీశాడు. లోపల సగం కూడా కరిగి అతుక్కోలేదు. మళ్లీ వేయడానికి ఒక నెల పట్టింది, ఎందుకంటే ముందు రాత్రిపూట వెల్డింగు క్లాసుకు వెళ్లి నేర్చుకు వచ్చాడు.

చాప్‌మన్ చివరి రోజులు బాగాలేవు. డెలోరియన్ అనే అమెరికన్, బ్రిటిష్ ప్రభుత్వ సొమ్ముతో బెల్‌ఫాస్ట్ దగ్గర కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ కారును తీర్చిదిద్దే పని 1978లో లోటస్‌కు ఇచ్చాడు. ఆ పనికని చెల్లించిన సొమ్ములో కోటీ డెబ్భై లక్షల డాలర్లకు పైగా పనామాలో రిజిస్టరైన ఒక కంపెనీ ద్వారా దారి మళ్లింది. 1982లో డెలోరియన్ ఫ్యాక్టరీ మూతపడింది, లెక్కలు తీయడం మొదలైంది. ఆ ఏడాది డిసెంబరు 16 తెల్లవారుజామున చాప్‌మన్ గుండెపోటుతో ఇంట్లోనే పోయాడు. యాభై నాలుగేళ్లు. అదే రోజు ఆయన మనుషులు స్నెటర్టన్ ట్రాకు మీద, రోడ్డు ఎగుడుదిగుళ్లను పసిగట్టి తనంతట తానే సర్దుకునే కొత్త సస్పెన్షన్‌ను మొదటిసారి నడిపి చూస్తున్నారు. ఆయన చావలేదు, ఎక్కడో దాక్కున్నాడు అని పుకార్లు కూడా వచ్చాయి. పదేళ్లకు, 1992లో, లోటస్ లెక్కలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు మూడేళ్ల జైలు శిక్ష పడింది. చాప్‌మన్ బతికి ఉంటే పదేళ్లకు తక్కువ కాని శిక్ష పడేదని జడ్జి కోర్టులోనే చెప్పాడు. ఇరవై అయిదు పౌన్లతో మొదలుపెట్టిన మనిషికి ఆ సొమ్ము ఎందుకు కావలసివచ్చిందో నాకు అర్థం కాదు. హేజల్ మాత్రం చాలాకాలం బతికి 2021లో కన్నుమూసింది. ఆ ఇరవై అయిదు పౌన్లు ఆవిడవి.

మేము 2023లో రెండోసారి వెళ్లేసరికి కారు ఒక రూపానికి వచ్చింది. ముక్కు, రెక్కలు ఫైబర్‌వి, పక్కలు అల్యూమినియం రేకు. ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే అక్కడ ప్రభుత్వ తనిఖీ ఉంది. మొదటిసారి ఫెయిలయింది. బ్రేకులు, స్టీరింగు, వెల్డింగు అన్నీ పాసయ్యాయి. అద్దం ఒకటి సరైన చోట లేదని, రెండు బోల్టుల అంచులు వాడిగా ఉన్నాయని తిప్పి పంపారు. ఆ రెండు బోల్టులకు నేనే ప్లాస్టిక్ టోపీలు తొడిగాను. మూడు వారాలకు పాసయింది, నంబరు ప్లేటు వచ్చింది.

ఆ ఆదివారం అల్లుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్లాడు. తలుపులు లేవు, పైకప్పు లేదు, కూర్చుంటే చెయ్యి చాపితే రోడ్డు అందేలా ఉంది. స్పీడు ఎంతో నేను చూడలేదు. దారి పొడుగునా నా చూపు స్టీరింగ్ బ్రాకెట్టు మీదే ఉంది. తిరిగి వచ్చాక మా అమ్మాయి ఎలా ఉందని అడిగితే, చలిగా ఉంది అన్నాను.