ఐస్‌క్రీమ్ కొట్టు పెట్టి పళ్ళ కాలేజీ నడిపిన డాక్టరు

పన్ను నొప్పి వస్తే మనం ఏం చేస్తాం? ముందు లవంగం నొక్కి పెడతాం. తర్వాత ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాం. పిల్లాడి పరీక్షలయ్యాక చూద్దాంలే, ఈ నెల ఖర్చులు గడిచాక చూద్దాంలే అని వాయిదా వేస్తాం. చెంప బూరెలా వాచాక గానీ డాక్టరు గుర్తుకు రాడు. మనకైతే గుర్తొచ్చినప్పుడు వెళ్ళడానికి డాక్టరంటూ ఒకరున్నారు. నూరేళ్ళ కిందట ఈ దేశంలో మామూలు జనానికి ఆ భాగ్యం కూడా లేదు. రోడ్డు పక్కన గుడ్డ పరుచుకుని, పీకిన పళ్ళు ముందు పోసుకుని కూర్చునే మనిషే పేదవాళ్ళ పళ్ళ డాక్టరు. ఆయన చేతిలోని పట్టకారుని ఎవరు కడిగారో, ఎప్పుడు కడిగారో ఆ దేవుడికే తెలియాలి.

ఈ పరిస్థితిని మార్చాలని పూనుకున్నవాడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. మన దేశంలో దంత వైద్యానికి ఆయన్నే ఆద్యుడిగా చెప్పుకుంటారు. 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్లో, ఢాకా దగ్గరి పల్లెటూరిలో పుట్టాడు. అలీగఢ్‌లో చదువుకుని అమెరికా వెళ్ళాడు. ఆ రోజుల్లో మనవాళ్ళు సీమకు వెళ్ళేది బారిస్టరీకో, మహా అయితే పెద్ద వైద్యానికో. ఈయనేమో పళ్ళ చదువుకి వెళ్ళాడు! ఇంట్లో పెద్దవాళ్ళు ఎంత నొచ్చుకుని ఉంటారో అనిపిస్తుంది నాకు. 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి దంత వైద్యంలో పట్టా పుచ్చుకున్నాడు.

తర్వాత ఆయన పనిచేసిన చోటు గురించి కాస్త చెప్పుకోవాలి. బోస్టన్ నగరంలో ఫోర్సిత్ అనే ఇంటిపేరు గల అన్నదమ్ముల డబ్బుతో, పిల్లల పళ్ళు చూడటానికే ఒక పెద్ద ఆసుపత్రి కట్టారు. 1914లో తెరిచిన ఆ ఆసుపత్రి బీదవాళ్ళ పిల్లల కోసం. పన్ను పుచ్చాక పీకడం కాదు, పుచ్చకుండా చూడటం, పిల్లలకి చిన్నప్పుడే నోరు శుభ్రంగా ఉంచుకోవడం నేర్పడం వైద్యమేనని ఆయన అక్కడ కళ్ళారా చూశాడు. 1918 దాకా అక్కడే ఉన్నాడు. కావాలనుకుంటే ఆ దేశంలోనే హాయిగా స్థిరపడిపోయేవాడు. 1919లో కలకత్తా వచ్చేశాడు.

వచ్చి ఊరుకోలేదు. 1920లో పళ్ళ వైద్యం నేర్పే కాలేజీ పెట్టాడు. మన దేశంలో అదే మొదటిది. ప్రభుత్వం ఏమైనా డబ్బిచ్చిందా అంటే, అదీ లేదు. మరి జీతాలెలా, కుర్చీలెలా, సామానెలా? ఇక్కడే నాకు భలే నచ్చిన సంగతి ఉంది. ఆయన కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని ఒక అంగడి పెట్టాడు. ఐస్‌క్రీములు, చల్లని పానీయాలు అమ్మి, ఆ లాభం తెచ్చి కాలేజీలో పోశాడు. తీపి తిని పళ్ళు పాడుచేసుకునేవాళ్ళ డబ్బుతోనే పళ్ళు బాగుచేసేవాళ్ళని తయారుచేశాడన్నమాట! నవ్వొస్తుంది కానీ, ఆలోచిస్తే ఎంత పట్టుదల కావాలి చెప్పండి. మొదటి రెండు మూడేళ్ళు చేరేవాళ్ళే కరువు. పళ్ళు పీకడానికి చదువెందుకని జనం అనుకునే కాలం అది.

ఆడవాళ్ళ పేజీ కాబట్టి ఇంకొకరిని తలుచుకోకుండా ఉండలేను. మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా పళ్ళ వైద్యం చదివింది కలకత్తాలోనే. 1923లో బొంబాయిలో సొంతంగా క్లినిక్ తెరిచింది. దానితోపాటే ధోబీ తలావ్‌లోని మునిసిపల్ క్లినిక్‌లో పేదలకి ఉచితంగా వైద్యం చేసేది. 1929లో వదినగారు పోవడంతో అన్నగారి ఇల్లు చూసుకోవడానికి క్లినిక్ మూసేసింది. ఎంత చదువుకున్నా మనకి ఇల్లు పిలుపు తప్పదు కదా!

అహ్మద్ గారి దగ్గరికి వద్దాం. ఆయన 1925లో దంత వైద్యుల కోసం ఒక పత్రిక మొదలుపెట్టి ఏళ్ళ తరబడి నడిపాడు. 1928లో విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాశాడు. పట్టకారు పట్టిన ప్రతివాడూ డాక్టరైపోతే రోగి గతేమిటన్నది ఆయన బాధ. 1939లో బెంగాల్లో దంత వైద్యుల చట్టం రావడానికి ఆయనే ముఖ్య కారకుడు. 1948లో దేశమంతటికీ చట్టం వచ్చింది. దాంతో ఫలానా చదువు చదివి పేరు నమోదు చేయించుకున్నవాళ్ళే పళ్ళ డాక్టర్లనే కట్టుబాటు ఏర్పడింది.

నోటికి ఇంత హడావిడి ఎందుకని అనుకోకండి. మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. పళ్ళన్నీ కదిలిపోయి మజ్జిగన్నం తప్ప ఏదీ నమలలేక, రెండేళ్ళలో పుల్లలా అయిపోయారు. కూర తినలేదు, పప్పు గింజ నమలలేదు, ఇక ఒంటికి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. చిగుళ్ళు చెడితే చక్కెర అదుపు తప్పుతుంది. ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి రక్తం కారడం మనలో చాలామందికి అనుభవమే. మామూలేలే అని ఊరుకుంటాం గానీ చూపించుకోవాల్సిందే.

1947లో దేశం ముక్కలైంది. అహ్మద్ గారు పుట్టిన ఊరు అటు పాకిస్తాన్‌లోకి పోయింది. ఆయన మాత్రం కలకత్తాలోనే, తన కాలేజీతోనే ఉండిపోయాడు. 1949లో, ఐస్‌క్రీములమ్మి నిలబెట్టిన ఆ కాలేజీని పైసా ఆశించకుండా పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు. తన తర్వాత అది ఎవరి సొంత వ్యాపారమో కాకుండా పేదవాడికి అందుబాటులో ఉండాలంటే అదే దారి మరి. బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో వ్యవసాయ శాఖ చూశాడు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. 1965లో కన్నుమూశాడు.

కాలేజీకి ఆయన పేరే పెట్టారు. కలకత్తాలో సియాల్దా స్టేషన్‌కి దగ్గరలోనే ఉంది. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24ని దంత వైద్యుల దినంగా జరుపుతున్నారు. మన హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో కూడా ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పేరుకి కాలేజీయే గానీ, అక్కడ రోగులనీ చూస్తారు.